ఆరుగురికి మాత్రమే

జీతం లిఫ్టులది.
మొంతెవిదేయో నగరసభలో ఇరవై ఎనిమిదేళ్ళుగా
ఇనుప తాళ్ళు తడిమి చూసి సంతకం పెట్టడం నా కొలువు.
శనివారం పేపర్లో ఎనిమిదో పేజీ, కింద ఎడమ మూల,
మూడు వందల మాటల్లో ఒక పుస్తకం,
అది నా వ్యసనం.
దానికిచ్చే డబ్బు నెలకి సరిపడా మాతే ఆకుకి వస్తుంది.
వేడినీళ్ళ ఫ్లాస్కు మాత్రం నేనే కొనుక్కోవాలి.

ఆఫీసులో ఎవరికీ తెలియదు,
ఎనిమిదో పేజీ దాకా ఎవరూ రారు కాబట్టి.

చదవడమంతా మేడల నెత్తిమీద.
మోటారు గది, పావురాల రెట్ట,
గ్రీజు వేళ్ళతో మడిచిన పేజీ మూల.
నా అలమరలో నవలలన్నిటికీ
నల్లటి బొటనవేలి ముద్రలు,
చదువురాని సాక్షి సంతకాల్లా.

ఒక అలవాటు ఇటు నుంచి అటు పాకింది.
ఏ పుస్తకం చేతికొచ్చినా
ఎందరిని మోస్తుందో చూస్తాను.
కొన్ని అద్దాలూ ఇత్తడీ ధగధగ,
తలుపేశాక కదలవు.
కొన్ని పదకొండో అంతస్తు దాకా తీసుకెళ్ళి
తలుపు తెరవడం మరిచిపోతాయి.
ఇలాంటివి రాసుకుని
నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

మొన్న ఆగస్టు చలికాలం,
నది మీంచి గాలి చెవులు కోస్తుంటే
పాత పట్నంలో ఒక ఏడంతస్తుల మేడ.
జల్లెడ తలుపుల పెట్టె, వెలిసిన వెల్వెట్ బెంచీ,
ఆరుగురికి మాత్రమే అని ఇత్తడి పలక.
నాతోపాటు ఎక్కింది ఒక పెద్దావిడ,
సంచిలో ఉల్లికాడలు.
నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగింది.

"తనిఖీ చేసేది మీరేగా?" అంది.
"అవునండీ, అందుకే ఆగింది."
నవ్వలేదు.
నా జేబులోంచి తొంగి చూస్తున్న పుస్తకాన్నీ
చొక్కా మీద పేరు బిళ్ళనీ చూసి
"ఫెర్మీన్ లుసార్దో. ఎనిమిదో పేజీ," అంది.
"నేను నేలిదా సుబెల్దియాని."

కడుపులో ఒక అంతస్తు జారింది.

పంతొమ్మిదేళ్ళ కిందట. పల్చటి పుస్తకం, బూడిదరంగు అట్ట.
'అమ్మ నవ్వుని పెరట్లో పాతిపెట్టాను' అట,
పార అద్దెకు ఎక్కడ దొరికిందో అని రాశాను.
చదివినవాళ్ళంతా నవ్వారు. నేనూ.

"పాతిపెట్టలేదు అని రాశాను," అంది ఆవిడ.
"లేదు. రెండక్షరాలు. మీరు మింగేశారు."

పప్పులో కాలేసినవాడికి
తీసి ఎక్కడ పెట్టాలో తోచదు.
పైన తాళ్ళు సన్నగా మూలిగాయి.
ఆ తర్వాత ఆవిడ మరో పుస్తకం వేయలేదని నాకు తెలుసు.
క్షమించమనబోయి, నోరు జారి అడిగేశాను:
"నా వల్లేనా?"

"అబ్బో," అంది, "అంత బరువు మీరు మోయలేరు.
నోటరీ పరీక్ష ప్యాసయ్యాను. ఇద్దరు పిల్లలు.
తర్వాత రాయబుద్ధి కాలేదు, అంతే.
కాకపోతే, వీలునామా ఏది చేతికొచ్చినా
లేదు ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుంటాను.
మీ పుణ్యమా అని ఒక్క తప్పూ పోలేదు."

నలభై నిమిషాలు.
ఒక ఉల్లికాడ తుంచి ఇచ్చింది, నమిలాను.
ఎవరో పైన చేత్తో చక్రం తిప్పితే
జానెడు జానెడు చొప్పున ఐదుకి చేరాం.
మిగతా రెండంతస్తులూ ఆవిడ మెట్లెక్కే వెళ్ళింది.

రాత్రి ఆ బూడిదరంగు పుస్తకం తీశాను.
నలభై ఒకటో పేజీ.
లేదు ఉంది.
దాని మీద, సరిగ్గా దాని మీదే,
నా గ్రీజు బొటనవేలు.

సవరణ వేయమని ఒర్తెన్సియాకి ఫోన్ చేశాను.
"పంతొమ్మిదేళ్ళకా? ఎవరికి గుర్తుంటుంది?" అంది.
ఇద్దరికి, అన్నాను.
సరే, ఒకే ఒక్క పంక్తి, అంది.
సవరణలకి డబ్బులివ్వరట.